ఫ్లెక్సీ కింది వరసలో ఆపా

మొన్న ఒక పెద్ద కంపెనీ నుంచి ఇద్దరు పిల్లలు ఛత్రినాకలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పిల్లలంటే ఉద్యోగస్తులే. నా వయసుకు వాళ్లు పిల్లల్లా కనిపిస్తారు, అంతే. వాళ్ల కంపెనీలో సేవా కార్యక్రమాలకు ఒక విభాగమే ఉందట. సొంత దేశం వదిలి పారిపోయి వచ్చి మన దగ్గర తలదాచుకుంటున్న వాళ్లకు సాయం చేసే ఒక సంస్థతో కలిసి పనిచేయాలని వాళ్ల ఆలోచన. "మీరు ముందే చేశారట కదా మేడమ్, మీ అనుభవం చెప్పండి," అన్నారు.

అనుభవం అని వాళ్లు గౌరవంగా అంటుంటే నాకు నవ్వొచ్చింది. చెడగొట్టుకున్నదాన్ని కూడా అనుభవమనే అంటారు మరి. టీ ఇచ్చి, తోచిందేదో చెప్పి పంపించాను. ఆ పూటంతా మనసు మనసులో లేదు. నోటితో చెప్పేటప్పుడు నేను తొందరపడతాను, మధ్యలో ఎవరో ఒకరి మీద కోప్పడతాను, అసలు సంగతి పక్కకు పోతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఆ ఇద్దరిలాంటి వాళ్లు ఇంకా ఉంటారు. పనికొస్తే తీసుకోండి.

నేను చాంద్రాయణగుట్ట దగ్గర ఒక పరుపుల కంపెనీలో కుట్టు సెక్షన్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. హోటళ్లకు, హాస్టళ్లకు, ఆస్పత్రులకు పరుపులు, దిండ్లు, దిండు గలేబులు తయారుచేసే కంపెనీ అది. నా జీవితంలో ఎక్కువ భాగం గలేబుల కుట్లు లాగి చూడటంలోనే గడిచిపోయింది. మా నాన్న బందరు నుంచి బదిలీ మీద వచ్చిన గవర్నమెంటు గుమాస్తా. నేను ఇక్కడే పెరిగాను, ఇక్కడే కాపురం చేశాను, ఇక్కడే ముసలిదాన్నయ్యాను. అయినా కోపమొస్తే నోట్లోంచి బందరే వస్తుంది. అప్పుడు సెక్షన్‌లో ఆడవాళ్లు "అమ్మకు ఆంధ్రా ఎక్కింది" అని ఒకరికొకరు సైగ చేసుకుని తలలు వంచుకుని మిషన్లు తొక్కేవాళ్లు.

మా యజమాని తెలుగాయనే అయినా అందరం ఆయన్ని సేఠ్ అనేవాళ్లం. దూది ఏకే దుకాణంతో మొదలుపెట్టి అంత కంపెనీ చేశారు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే చివరికి వచ్చేసరికి మీరు ఆయన్ని చెడ్డవాడనుకునే ప్రమాదముంది. ఆయన చెడ్డవాడే అయ్యుంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఇంకొకతను డిస్పాచ్ అన్న. తయారైన సరుకు వ్యాన్లలో ఎక్కించి పంపే బాధ్యత అతనిది. నాకంటే చిన్నవాడే అయినా అందరికీ అన్నే, నాకూ అన్నే. ఎవరింట్లో పెళ్లయినా, ఎవరికి జ్వరమొచ్చినా ముందు అతనికి తెలిసేది. బోనాలకు, రంజాన్‌కు, క్రిస్మస్‌కు, సేఠ్ పుట్టినరోజుకు కంపెనీ తరఫున ఫ్లెక్సీ వేయించేది కూడా అతనే.

ఈ ఫ్లెక్సీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మధ్యలో సేఠ్ నిలువెత్తున దండం పెడుతూ ఉంటారు. పక్కన కాస్త చిన్నగా మేనేజరు. కింద వరసగా గుండ్రాల్లో స్టాఫ్ ముఖాలు, ఒక్కొక్క ముఖం కింద పేరు. మీకిది నవ్వులాటగా ఉండొచ్చు. మా దగ్గర ఆ కింది వరసలో చోటు దొరకడమంటే ప్రమోషన్ లాంటిది. ఒకసారి వాచ్‌మన్ ఫోటో మర్చిపోతే అతను చాలా రోజులు డిస్పాచ్ అన్నతో మాట్లాడలేదు. నన్ను ఒక ఏడాది స్టోర్ కీపర్ తర్వాత వేశారని నేను కూడా ముఖం మాడ్చుకుని తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, నిజం.

ఒక చలికాలం సేఠ్‌కు జల్‌పల్లి వైపు గుడిసెల్లో ఉంటున్న బర్మావాళ్లకు దుప్పట్లు పంచాలని బుద్ధి పుట్టింది. బర్మాలో ఊళ్లు తగలబెడితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లు. శరణార్థులని చాలామందికి కార్డులున్నాయి. పాతబస్తీలో అందరూ వాళ్లను బర్మావాళ్లనే అంటారు. వాళ్ల మధ్య పనిచేసే ఒక చిన్న సంస్థకు మేనేజరు ఫోన్ చేస్తే, ఒక అమ్మాయి వచ్చింది. సన్నగా, కళ్లద్దాలు, భుజానికి గుడ్డసంచి. మేం ఆమెను ట్రస్టు అమ్మాయి అనేవాళ్లం. వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, దుప్పట్లు వద్దంది.

"ఇప్పటికే మస్తుగ వచ్చినయ్ సార్. వస్తరు, ఇస్తరు, ఫోటో దిగుతరు, పోతరు. మాకు కుట్టు సెంటర్ ఉంది. మిషన్లున్నయ్, కుట్టేటోళ్లున్నరు. పని లేదు. ఇస్తే పని ఇయ్యుండ్రి."

సేఠ్ నా వైపు చూశారు. "ఆళ్లు మన గలేబులు కుడతరా?"

"కుట్టి చూపిస్తం. నచ్చకుంటే వాపసు పంపుండ్రి. దయతోని మాత్రం ఉంచుకోకుండ్రి," అంది ఆ అమ్మాయి.

నాకు ఆ క్షణమే ఆమె నచ్చేసింది. దయ చూపించమని వచ్చేవాళ్లను చాలామందిని చూశాను కానీ, దయ చూపించొద్దని చెప్పడానికి వచ్చినవాళ్లను అదే చూడటం. ఆ బర్మావాళ్లను నేరుగా ఉద్యోగంలో పెట్టుకోవడం చిక్కులతో కూడిన పని కాబట్టి ఆర్డరు సంస్థ కుట్టు సెంటర్‌కు ఇవ్వాలని, సెంటర్ ఆడవాళ్లకు పంచుతుందని అనుకున్నాం. ఆ అమ్మాయి షరతులు కూడా చెప్పింది. బయట కుట్టేవాళ్లకు మేం ఏ రేటు ఇస్తామో అదే ఇవ్వాలి. ఆర్డరు ఒకసారి ఇచ్చి మానేయకూడదు. ఇక వాళ్ల ఫోటోలు, పేర్లు ఎక్కడా బయట పెట్టకూడదు.

"ఫోటోలేం జేస్కుంటమమ్మా, మాకు గలేబులు కావాలె గని," అన్నారు సేఠ్. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ గదిలో ఉన్నది సేఠ్, మేనేజరు, నేను, ఆ అమ్మాయి. ఆ మాట ఆ గదిలోనే ఉండిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్‌కు, వ్యాను తోలేవాళ్లకు, డిస్పాచ్ అన్నకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు. పెద్దవాళ్ల గదిలో ఒప్పుకున్నది కంపెనీ అంతా ఒప్పుకున్నట్టేనని మా లెక్క.

జల్‌పల్లి సెంటర్‌కు మొదటిసారి వెళ్లినప్పుడే ఆపాను చూశాను. అక్కడి ఆడవాళ్లంతా ఆమెను ఆపా అనేవాళ్లు, అంటే అక్క. నేను పెద్దదాన్నయినా నాకూ అదే అలవాటైంది. పొట్టి మనిషి. వయసు నాకంటే చాలా తక్కువే కానీ ముఖం చూస్తే ఎవరూ నమ్మరు. భర్త అక్కడే పోయాడు. ఇక్కడ కూతురు, అల్లుడు ఆమెతో ఉంటారు. అల్లుడు పాత సామాన్లు ఏరే పని చేస్తాడు. మొదట ప్లాస్టిక్ పట్టాల గుడిసెలో ఉన్నారట. ఒక ఎండాకాలం ఆ వరస గుడిసెలన్నీ అంటుకుని కాలిపోయాయి. ఆ తర్వాత కిందామీదా పడి కొత్త కాలనీలో ఒక గది అద్దెకు తీసుకున్నారు.

ఆ గది గురించి ఆమె ఎంత చెప్పేదో! ఆమె ఉర్దూ విరిగిపోయిన ఉర్దూ, నాది అంతకంటే ఘోరం. అయినా గది సంగతి నాకు పూర్తిగా అర్థమయ్యేది. గదిలోనే నల్లా ఉంది. ఇనప తలుపు ఉంది. లోపల్నుంచి గొళ్లెం పెట్టుకోవచ్చు. "అందర్‌సే బంద్ కర్కే సోతే హమ్," అని చేత్తో గొళ్లెం వేసినట్టు చూపించి నవ్వేది. లోపల్నుంచి తలుపు వేసుకుని పడుకోవడం ఒక మనిషికి అంత గొప్ప సంగతి అవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటాయన పై అంతస్తులోనే ఉంటాడు. మర్యాదస్తుడు. వాళ్లెవరో తెలిసే ఇచ్చాడు. ఒక్కటే చెప్పాడట, లొల్లి మాత్రం కావద్దు అని. అప్పటికి కూతురు కడుపుతో ఉంది. బిడ్డ ఆ తలుపు వెనకాలే పుట్టాలని ఆపా కోరిక. దాని కోసమే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మిషను మీద నుంచి లేచేది కాదు.

ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, ఆమె గోడవైపు తిరిగిపోయేది. ఎందుకని ఒకసారి అడిగాను. "ముఖం కనబడితే అడిగేవాళ్లు వస్తారమ్మా" అన్న అర్థం వచ్చేలా ఏదో అని మళ్లీ కుట్టులో పడింది.

మొదటి లాటు నేనే వెనక్కి పంపాను. మూలల దగ్గర కుట్టు వదులుగా ఉంది. "ఇది కుట్టా, దారం అంటించి వదిలేశారా?" అని సెంటర్‌లో నిలబడి అరిచాను. తెలుగు రాకపోయినా నా అరుపు వాళ్లకు బాగానే తెలిసింది. ఆపా ఆ గలేబు నా చేతిలోంచి తీసుకుని, తనే కుట్టంతా పర్రున విప్పేసి, మళ్లీ కుట్టి నా ముందు పెట్టింది. లాగి చూశాను, కదల్లేదు. "అబ్ బోలో," ఇప్పుడు చెప్పు, అంది నడుము మీద చెయ్యి పెట్టుకుని. సెంటర్ అంతా నవ్వు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ కుదిరింది.

పని బాగా నడిచింది. అప్పుడు ఒక ఆస్పత్రి నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. వాళ్లకు డబల్ కుట్టు కావాలి. ఆ మిషన్లు మా ఫ్యాక్టరీలోనే ఉన్నాయి. కాబట్టి ఆపాతో సహా కొందరిని మా షెడ్డుకు పిలిచి నేర్పించాలనుకున్నాం. లోపలికి రావాలంటే గేట్ పాసు ఉండాలి, పాసుకు ఫోటో ఉండాలి. ట్రస్టు అమ్మాయి చాలాసేపు తటపటాయించింది. "ఫోటోలు గేటు దాటొద్దమ్మా," అని నాతో అని, చివరికి ఇచ్చింది. ఆఫీసులో కంప్యూటర్‌లోకి ఎక్కించి పాసులు తీశారు. మా అందరి ఫోటోలు ఉండే చోటే అవీ ఉండిపోయాయి.

అక్కడ్నుంచి డిస్పాచ్ అన్నకు వాళ్లు సొంత మనుషులైపోయారు. షేర్ ఆటోల్లో వస్తే ఎవరెవరో అదోలా చూస్తున్నారని విని, పొద్దున సరుకు వ్యాను జల్‌పల్లి మీదుగా తిప్పేవాడు. ఆపా కూతురికి నొప్పి అంటే తనే వ్యాన్లో ఆస్పత్రికి తీసుకెళ్లి, చూపించి, మందులు కొనిచ్చి దింపాడు. ఆపా అతన్ని భాయ్ అనేది. అతనికి సొంత చెల్లెలు లేదు. భాయ్ అన్న ప్రతిసారీ అతని ముఖం వెలిగిపోయేది.

ఆస్పత్రివాళ్లు సరుకు చూసి మెచ్చుకున్నారు. ఆర్డరు ఏడాది పొడుగునా ఇస్తామన్నారు. సేఠ్ ఉత్సాహం పట్టలేక, సెంటర్ ఆడవాళ్ల పని కోసమే షెడ్డులో ఒక పక్క వేరే విభాగం పెడదామన్నారు. ఒక కొబ్బరికాయ కొట్టి, మిఠాయి పంచి మొదలుపెడదామని ఒక రోజు అనుకున్నాం.

ఆ రోజు పొద్దున నేను ఛత్రినాక నుంచి షేర్ ఆటోలో వస్తున్నాను. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఆటో ఆగింది. ట్రాఫిక్ కదలడం లేదని ఆటో అతను విసుక్కుంటున్నాడు. తలెత్తి చూస్తే ఎదురుగా సేఠ్ దండం పెడుతున్నారు. ఫ్లెక్సీ చాలా పెద్దది. "కొత్త కుట్టు విభాగానికి శుభాకాంక్షలు" అని పైన. "మన కంపెనీ, మన కుటుంబం" అని మధ్యలో. కింది వరసలో మామూలుగానే మా ముఖాలు. మొదట నా ముఖమే వెతుక్కున్నాను, అలవాటు కదా. నా పక్క గుండ్రంలో ఆపా ఉంది. ఆమె పక్కన మిగతా ఆడవాళ్లు. ఒక్కొక్కరి కింద పేరు. ఆ పేర్ల కింద పెద్ద అక్షరాలతో "బర్మా సోదరీమణులకు స్వాగతం" అని ఉంది.

నేను ఆటో దిగి పరుగెత్తాను. ఆ వయసులో పరుగెంత ఉంటుందో మీరే ఊహించుకోండి. గేటు దగ్గర డిస్పాచ్ అన్న కొత్త చొక్కా వేసుకుని, బొట్టు పెట్టుకుని, మామిడాకులు కట్టిస్తున్నాడు. నన్ను చూసి, "చూసినరా అమ్మా? మీ ఫోటో ఈసారి ముందుకేసిన," అన్నాడు నవ్వుతూ.

"దింపించు! ఇప్పుడే, ఈ క్షణమే దింపించు! ఎవరు వేయమన్నారయ్యా నిన్ను?"

అతని నవ్వు అలాగే ఉండిపోయింది. "ఏమైందమ్మా? స్పెల్లింగ్ గిట్ల తప్పొచ్చిందా?"

"వాళ్ల ముఖాలు ఎందుకు వేశావు?"

"గదేందమ్మా గట్లంటరు? మనోళ్లే గద. అందరి ఫోటోలు పెట్టి ఆళ్లవి పెట్టకుంటే ఆపా ఏమనుకుంటది? మనల్ని బయటోళ్ల లెక్క చూసిండ్రు అనుకోదా?"

అతనికి తెలిసిన గౌరవమే అది. వాచ్‌మన్ ఫోటో మర్చిపోయి అతను నేర్చుకున్న పాఠం అది. ఫోటోలు బయటికి రాకూడదన్న మాట అతని చెవిన ఎన్నడూ పడలేదు. ఆ సంగతి నేను చెప్పగానే అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. అతనూ, ఇద్దరు లోడింగ్ పిల్లలూ వ్యాన్ వేసుకుని చౌరస్తాకు పోయి, తాళ్లు కోసి ఫ్లెక్సీ దింపారు. కానీ అది ముందు రోజు సాయంత్రమే కట్టారు. సాయంత్రం నుంచి పొద్దుటి దాకా ఆ చౌరస్తాలో ఎంతమంది ఆగుతారో, ఎంతమంది ఊరికే ఫోన్ తీసి ఫోటో కొడతారో మీకు తెలుసు.

ఆపా వాళ్లు వ్యాన్లో వచ్చేసరికి ట్రస్టు అమ్మాయి గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆమె ఫోన్‌లోకి అప్పటికే ఆ ఫ్లెక్సీ బొమ్మ వచ్చేసింది. ఎవరో కింద ఏదేదో రాసి నాలుగు గ్రూపుల్లో తిప్పుతున్నారు. వీళ్లెవరు, వీళ్లకు పని ఇస్తున్నదెవరు, ఎక్కడుంటారు, అలాంటి మాటలు. ఆ అమ్మాయి నా మీద అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఆపాను పక్కకు తీసుకెళ్లి చూపించింది.

ఆపా ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "గేట్‌వాలా ఫోటో?" అని మాత్రం అడిగింది. అవునని తలూపాను. అంతలో డిస్పాచ్ అన్న వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఆపా, కసమ్‌సే, ఇజ్జత్ కోసం పెట్టిన. నాకు తెల్వదు ఆపా."

"మాలూమ్ హై భాయ్," అంది ఆమె. నాకు తెలుసు అన్నా, అని. "ఇజ్జత్ దియే ఆప్," మీరు గౌరవమే ఇచ్చారు, అని మెడలోంచి పాసు తీసి బల్ల మీద పెట్టింది. మిగతా ఆడవాళ్లూ తీసి పెట్టారు. అంతా కలిసి గేటు దాటి వెళ్లిపోయారు. లోపల పూజారి కొబ్బరికాయ పట్టుకుని మాకోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఇల్లు పోవడానికి వారం పట్టలేదు. ఇంటాయన మర్యాదస్తుడని ముందే చెప్పాను. నేను ఆ వారంలోనే వెళ్లి ఆయన్ని బతిమాలాను. మెట్ల మీద నిలబడి, నా ముఖం చూడలేక ఎటో చూస్తూ మాట్లాడాడు. "నాకేం కోపం లేదమ్మా. ఆళ్లు మంచోళ్లు. గని రోజూ ఎవడో ఒకడొచ్చి అడగబట్టె. ఫోటో జూపించి, గీమె నీ ఇంట్ల ఉంటదా అంటున్నరు. నాకు పెండ్లికెదిగిన ఆడపిల్లలున్నరు. నేనేం జెయ్యాలె చెప్పుండ్రి?" కింద గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. వాళ్లు అప్పటికే మళ్లీ పట్టాల గుడిసెల వైపు వెళ్లిపోయారు, నెలలు నిండిన కూతురితో సహా.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు. డిస్పాచ్ అన్న మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. ఆ తర్వాత మా కంపెనీ చేసింది మాత్రం పొరపాటు కాదు. తెలిసి చేసిన పని.

సేఠ్‌కు ఫోన్లు మొదలయ్యాయి. సరుకు కొనే ఒకాయన, చుట్టం ఒకాయన, గల్లీ లీడరు ఒకాయన. అందరిదీ ఒకటే మాట, మీకెందుకీ తలనొప్పి అని. సేఠ్ నన్ను, మేనేజరును పిలిచి, "కొన్ని దినాలు ఆపుదాం. వేడి తగ్గినంక చూద్దాం," అన్నారు.

"విభాగం వద్దంటే మానెయ్యండి. వాళ్లను ఇక్కడికి రావొద్దనండి. ఆర్డరు ఎందుకు ఆపడం? మొదట్లోలా సెంటర్‌కు గుడ్డ పంపుదాం, వాళ్లు కుట్టి పంపుతారు. ఎవరికి తెలుస్తుంది? ఇల్లు పోయింది, ఇప్పుడు పని కూడా లేకపోతే ఆ మనిషి ఏం తిని బతుకుతుంది?" అన్నాను.

"నా దగ్గర ఇంతమంది పనిజేస్తున్నరు. ఆళ్ల ఫికర్ గూడ నేనే చెయ్యాలె గద."

"కుటుంబం అని చౌరస్తాలో రాయించింది మనమే కదండీ! ఫ్లెక్సీ దింపినంత తేలిగ్గా మనుషుల్ని కూడా దింపేస్తారా?" బందరు మొత్తం బయటికొచ్చేసింది. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సేఠ్ కోప్పడలేదు. తల వంచుకుని, "చూద్దాం," అన్నారు. ఆయన చూద్దామన్నవేవీ జరగవని అంత కాలం పనిచేసిన నాకు తెలుసు. తలుపు ధడాలున వేసి వచ్చాను. దాని వల్ల తలుపుకు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

పిల్లలూ, మీరు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన జవాబంతా ఇక్కడే ఉంది. అలాంటి సంస్థతో కలవడానికి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు. వాళ్లకేం కావాలో వాళ్లనే అడగండి, దుప్పటి వద్దంటే నొచ్చుకోకండి. నలుగురికీ ఇచ్చే రేటే ఇవ్వండి. బాగాలేకపోతే బాగాలేదనండి. మీరు పై అంతస్తులో ఒప్పుకున్న ప్రతి మాటా గేటు దగ్గర నిలబడేవాడికి, బండి తోలేవాడికి కూడా చెప్పండి, వాళ్లకు ఎందుకో కూడా చెప్పండి. ఎక్కువ ప్రేమ ఉన్నవాడికి ముందు చెప్పండి. ఇవన్నీ చేసినా ఏదో ఒక రోజు గొడవ వస్తుంది. గొడవ వచ్చిన రోజున ఆర్డరు ఆపకుండా ఉండగలరా? ఉండగలమని మీ సేఠ్‌లు ముందే గట్టిగా అనుకుంటేనే ఆ గుమ్మం తొక్కండి. లేకపోతే దుప్పట్లు ఇచ్చి ఫోటో దిగి రావడమే నయం. దానివల్ల ఎవరి గదీ పోదు.

కొన్ని నెలలకు సేఠ్ నన్ను పిలిచారు. ముఖం పీక్కుపోయి ఉంది. ఆ మధ్య నిద్ర సరిగ్గా పట్టడం లేదని మేనేజరు చెబుతుండేవాడు. "పోయి తీస్కరామ్మా ఆళ్లను. ఎవరేమన్న అనుకోనీ. పని ఇద్దాం," అన్నారు. నేను తిట్టాల్సినవన్నీ ఆయన తనను తాను తిట్టుకున్నట్టే కనిపించారు. డిస్పాచ్ అన్న తనూ వస్తానన్నాడు. వ్యాను తనే తోలాడు కానీ, జల్‌పల్లి చేరాక సెంటర్ దాకా రాలేకపోయాడు. రోడ్డు మీదే ఆపుకుని స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

సెంటర్ నడుస్తూనే ఉంది. ఎవరికో గుడ్డసంచులు కుడుతున్నారు. ఆపా మిషను దగ్గర వేరే ఆమె ఉంది. నేను గుమ్మంలో నిలబడగానే మిషన్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. "ఆపా ఏది?" అని అడిగాను. అక్కడ కూర్చున్నది మొదటి లాటు వెనక్కి పంపిన రోజు నాతో కలిసి నవ్విన ఆడవాళ్లే. ఒక ముసలామె నా ముఖంలోకి పరీక్షగా చూసి పక్కామెతో మెల్లగా ఏదో అంది. వాళ్ల భాష నాకు రాదు. కానీ "ఫోటో" అన్న మాట వినపడింది. ఆ ఫ్లెక్సీలో ఆపా పక్కన ఉన్నది నేనే కదా. అంతసేపూ నేను వాళ్ల వైపు మనిషిననే అనుకుంటూ వచ్చాను.

ట్రస్టు అమ్మాయి నన్ను బయటికి తీసుకొచ్చింది. ఆపా వాళ్లు ఈ ఊళ్లో లేరంది. "ఎక్కడున్నారో నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసమ్మా."

"చెప్పవా?"

తల అడ్డంగా ఊపింది. "ఎవ్వరికీ చెప్పనని మాటిచ్చిన."

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ మాట అలాగే నిలబెట్టుకోవాలి. మేం చేయలేకపోయింది అదే. సేఠ్ పని ఇస్తానంటున్నారని చెబితే, సెంటర్‌లో అందర్నీ అడిగి ఫోన్ చేస్తానంది. ఆ ఫోన్ నేను రిటైరయ్యేదాకా రాలేదు. వెళ్లబోతూ కూతురి సంగతి అడిగాను. పురుడు ఎక్కడ పోశారు, పుట్టింది ఎవరు అని. ఆ అమ్మాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించింది. ఎంతవరకు చెప్పొచ్చో లెక్క చూసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

"తల్లీ బిడ్డా బాగున్నరమ్మా," అంది చివరికి. "గంతే. ఇంకేం అడగకుండ్రి."

నేను వ్యాను దగ్గరికి వచ్చి ఎక్కి కూర్చున్నాను. డిస్పాచ్ అన్న నా ముఖం చూసి, వాళ్లు రారని తెలుసుకున్నాడు. ఆ సంగతి అడగలేదు.

"కాన్పయ్యిందా అమ్మా?"

"అయింది. ఇద్దరూ బాగున్నారట."

"ఆడపిల్లనా, మగపిల్లగాడా?"

"చెప్పలేదు."

"మనకు గూడనా?" అన్నాడు.

"మనకే," అన్నాను.